అరటి మొదళ్ల వరకూ

వరద తీశాక లంకలోకి వెళ్లే మొదటి పడవలో ఎవరూ మాట్లాడరు. ఎవరి పొలం ఏమైందో ఎవరికీ తెలియదు. పడవ అవతలి ఒడ్డుకి తగిలేదాకా అందరి చూపూ నీళ్ల మీదే ఉంటుంది. ఆ ఏడూ అలాగే కూర్చున్నాం. నా పక్కన మా తోటికోడలు, ఎదురుగా మా ఆయన, పడవ ముక్కు దగ్గర నిలబడి మా బావగారు.

మా ఊరు ఏటిగట్టుకి ఇవతల ఉంది. పొలాలు అవతల లంకలో ఉన్నాయి. మధ్యలో గోదారి పాయ. వేసవిలో మోకాలి లోతు నీళ్లలో నడిచి దాటతాం, మిగతా రోజుల్లో పడవే. అరటి, కంద, పసుపు, కూరగాయలు, లంకలో ఏది వేసినా కాదనదు. ఏటా గోదారి వచ్చి కొత్త ఒండ్రు పరిచి పోతుంది కాబట్టి. అరటి గెలలు పడవ మీద ఇవతలికొచ్చి, ఆటోలెక్కి రావులపాలెం మార్కెట్‌కి వెళతాయి. మా ఆయన ఆ మార్కెట్లోనే ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. నేను మా ఊరి మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. వ్యవసాయమంతా బావగారిదే. అన్నదమ్ములిద్దరికీ పొలం పంపకమైందని అనుకోవడమే గానీ, మధ్యలో ఉన్నది అడుగు వెడల్పు గట్టు. దానికి రెండు వైపులా దున్నేదీ నీరు పెట్టేదీ ఆయనే. మా ఇంట్లో ఎవరూ "మా పొలం, మీ పొలం" అనేవారు కాదు. "పొలం" అనేవారు, అంతే.

ఆ రోజు పడవ దిగి నడిచి వెళ్లేసరికి ఆ గట్టే రెండు దేశాల సరిహద్దులా కనిపించింది.

లంకకి ఎగువ కొసన, తలకట్టు దగ్గర గండి పడింది. ప్రవాహం సూటిగా బావగారి వైపు నుంచి దూసుకుపోయింది. మా వైపు నీళ్లు తిరుగుడు పడి నెమ్మదించాయి. దాంతో మా భాగంలో అంగుళాల మందాన మెత్తటి ఒండ్రు పేరుకుంది, తడిగా, నల్లగా, జున్నులాగ. గట్టుకి అవతల బావగారి భాగమంతా ఇసుక. అరటి చెట్ల జాడే లేదు. ఎక్కడో ఒక ఎండుటాకు కొస మాత్రం ఇసుకలోంచి పైకి పొడుచుకొచ్చి గాలికి ఊగుతోంది.

బావగారు ఇసుకలో కాళ్లు దిగబడుతుంటే మధ్యదాకా నడిచి వెళ్లారు. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశారు.

"ఇంక మొగల్తూరు వెళ్లక్కర్లేదురా," అన్నారు తమ్ముడితో. "సముద్రం ఒడ్డు మన పొలంలోకే వచ్చేసింది."

మా ఆయన నవ్వబోయి ఆగిపోయారు. మా తోటికోడలు గట్టు మీద గొంతుక్కూర్చుని, మా వైపునుంచి గుప్పెడు ఒండ్రు తీసి వేళ్ల మధ్య నలిపింది. మళ్లీ అక్కడే పెట్టేసి చేతులు చీరకి తుడుచుకుంది. నాకు ఆ క్షణంలో మా పొలం బాగుందన్న సంతోషం కలగలేదు. ఎవరిదో వస్తువు చేతిలో పట్టుకుని దొరికిపోయినట్టు అనిపించింది.

ఇక్కడొక మాట చెప్పాలి. అంతకుముందు జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకి వచ్చింది. "రిటైరై ఇంట్లో కూర్చుని మమ్మల్నందర్నీ కరెక్షన్ చేస్తున్నావు, అదేదో ఊళ్లో చెయ్యి," అని బావగారే నన్ను నిలబెట్టారు. పోటీకి ఎవరూ రాలేదు. అలా నేను వార్డు మెంబరునయ్యాను. వీధి దీపాలు, కాలవ పూడిక, కుళాయి లీకు, ఇవే నా పని అనుకున్నాను. నేను చెయ్యెత్తడం మీద ఒకరి పొలం ఆధారపడుతుందని అనుకోలేదు.

దసరా సెలవుల్లో ఒకాయన వచ్చారు. ఇసుక కాంట్రాక్టరు. రాజమండ్రి వైపునుంచి వచ్చారట. గట్టిగా మాట్లాడతాడని, వెనక నలుగురు మనుషులుంటారని ఊహించుకున్నాను గానీ, మా వీధరుగు మీద బుద్ధిగా కూర్చుని మంచినీళ్లు అడిగి తాగారు. బావగారితో పాటు లంక తలకట్టున మరో ఇద్దరు రైతుల పొలాల్లోనూ ఇసుక మేట వేసింది. ముగ్గురివీ పక్కపక్కనే. ఆ ముగ్గురినీ, సర్పంచిగారినీ, నన్నూ కూర్చోబెట్టి చెప్పారు.

"మీ ఇసుక మీకు బరువండి, నాకు సరుకు. మీకు చేతి ఖర్చు లేకుండా తీసేస్తాను. పైపెచ్చు మీకే డబ్బిస్తాను. పాయ మీద తూములేసి బాట పోయిస్తాను. నా పనైపోయాక ఆ బాట మీదే. నాకు కావలసిందల్లా పంచాయతీ తీర్మానం."

బాట అనగానే అందరి మొహాలూ వెలిగాయి. పడవ కోసం ఒడ్డున ఎండలో నిలబడని రైతు మా ఊళ్లో లేడు. నాకూ ఆశ పుట్టింది. అయినా స్కూల్లో లెక్కలు చెప్పిన అలవాటు, అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎంత లోతు తీస్తారండి?"

"మూడు మీటర్లకి పర్మిషన్ అడుగుతామండి."

"మేట అంత లేదు కదండీ. మూడు మీటర్లంటే ఇంచుమించు ఇద్దరు మనుషులు నిలువునా దిగిపోతారు."

ఆయన దాచలేదు. "లంకలో కిందంతా ఇసుకే కదండి టీచరుగారూ. పైన ఉన్న మట్టి తీసి పక్కన పెడతాం, కింద సరుకు తీసుకుని మళ్లీ ఆ మట్టి సర్దేస్తాం. మిగిలిన గుంత వచ్చే వరదకి గోదారే పూడుస్తుంది."

సర్పంచిగారు మీసం సవరించుకున్నారు. కొబ్బరితోటలున్న పెద్దమనిషి, తొందరపడి మాట తూలే రకం కాదు. "గ్రామసభలో పెడదామండి," అని లేచారు.

మాకు ఎగువన ఇంకో లంక ఉంది. అక్కడ ఇలాగే తవ్వారు. గుంతలు పూడలేదు. మరుసటి వరదకి నీళ్లు ఆ గుంతల దారి పట్టి, పక్క పొలాల గట్లు కోసుకుపోయి, నిండుగా కాపున్న కొబ్బరి చెట్లు వేళ్లతో సహా ఏట్లో పడ్డాయి. ఆ చెట్లు కొట్టుకుపోతుంటే మేమంతా గట్టు మీద నిలబడి చూశాం. బావగారూ చూశారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎప్పటిలాగే రెండు కుటుంబాలం కలిసి భోజనానికి కూర్చున్నాం. పులస కాదు గానీ ఏదో మంచి చేపే దొరికింది. మా తోటికోడలు పులుసు వడ్డిస్తుండగా బావగారు అడిగారు.

"గ్రామసభలో చెయ్యెత్తుతావు కదమ్మా?"

"మేట తీయడానికైతే రెండు చేతులూ ఎత్తుతాను బావగారూ. మూడు మీటర్లకి ఎత్తలేను."

ఆయన అన్నం కలపడం ఆపారు. "అంత ఇసుక నేనూ తియ్యలేను, నా కొడుకూ తియ్యలేడు. ఆ కాంట్రాక్టరొక్కడే తీస్తానంటున్నాడు."

"ఇసుకతో పాటు పొలమూ తీసుకుపోతాడండి. ఎగువ లంకలో చూశాం కదా. మీ పక్కన కోత పడితే ఆ తర్వాత మాదే, దాని పక్కన ఇంకొకళ్లది."

"అదీ సంగతి," అన్నారాయన. గొంతు పెంచలేదు. "నీ పొలంలో ఒండ్రు. నా పొలంలో ఇసుక. నీకు మాట్లాడ్డం తేలికే."

మా ఇంట్లో "నీ పొలం" అన్న మాట వినడం అదే మొదలు. మా ఆయన "అన్నయ్యా" అంటూ లేవబోయారు. బావగారు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. ఆయన మాటకి నాకు కోపం రాలేదు. కోపమొస్తే తేలిగ్గా ఉండేది. కానీ ఆయన అన్నదాంట్లో నిజం ఉంది.

తర్వాత మాటలు ఆగిపోయాయి. పోట్లాట లేదు, పలకరింపూ లేదు. ఏదైనా చెప్పాల్సొస్తే మా తోటికోడలికి చెప్పేవారు, ఆవిడ గోడ పక్కకొచ్చి నాకు చెప్పేది. "మీ బావగారు మోటారు రేపు బాగుచేయిస్తారటే," అని చెప్పి, గొంతు తగ్గించి, "నేనేం చెయ్యనే, ఇద్దరూ మంచోళ్లే," అనేది.

మరుసటి నెల మొదటి ఆదివారం చర్చిలో, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే సంస్కారం జరిగింది. మా లూథరన్ చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటాం. వరసలు వరసలుగా లేచి వెళ్లి ముందు మోకరిస్తాం. మనసులో ఎవరితోనైనా మనస్పర్థ పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి పోకూడదని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాం. బావగారి వరస లేచింది. ఆయన లేవలేదు. నా వరస లేచింది. నేనూ లేవలేదు. పాస్టరుగారు రొట్టె పళ్లెం పట్టుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశారు. పాట అయిపోయింది. నా పక్కనున్న మనవరాలి వయసు పిల్ల "ఏంటి నానమ్మగారూ, వెళ్లరా?" అని చెవిలో అడిగింది. కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను.

గ్రామసభ స్కూలు ఆవరణలో జరిగింది. ఎప్పుడూ పదిమంది వస్తే గొప్ప. ఆ రోజు కుర్చీలు చాలక పిల్లల బెంచీలు బయటికి మోశారు. కాంట్రాక్టరు తన మాట తాను చెప్పుకున్నారు. ట్రాక్టర్లున్న కుర్రాళ్లు పని దొరుకుతుందని లేచి నిలబడి మద్దతు చెప్పారు. మా వార్డులోనే కూలికెళ్లే ఒకావిడ, ఎప్పుడూ సభలో నోరు విప్పని మనిషి, చెంగు బిగించి లేచింది.

"లంకలో ఇసకలోకి దింపిన ఫిల్టర్ పాయింటు బోరు నీళ్లే మేం పనికెళ్లినప్పుడు తాగుతామండి. ఇవతల మన బోర్లలో ఉప్పదనం మొదలైపోయింది. కిందున్న ఇసకే కదండి నీళ్లని పట్టుకునేది? అది కూడా తోడేత్తే మేమేం తాగాలండి?"

బావగారు లేచారు. "నీళ్లు మీకు కావాలి, ఒప్పుకుంటానమ్మా. నాకు పొలం కావాలి కదా. ఈ ఇసుక మీద నేనేం పండించను? ఎవరైనా చెప్పండి, చేస్తాను."

అరుపులు మొదలయ్యాయి. ఇంతలో నేను లేచి, తీర్మానం కంటే ముందు అధికార్లు వచ్చి అసలు మేట ఎంతుందో, కింద నేల ఎక్కడుందో చూసి చెప్పాలని కోరదామన్నాను. సర్పంచిగారు వెంటనే సరేనన్నారు. చాలామందికి ఊపిరి తీసుకోవడానికి సందు దొరికినట్టయింది. బావగారు మాత్రం తమ్ముడి వైపు తిరిగి, "కాలయాపన," అన్నారు. నాకు వినపడాలనే అన్నారు.

అధికార్లు రావడానికి వారాలు పట్టింది. పాయలో నీళ్లు తగ్గి, పడవ అడుగు ఇసుకకి రాసుకుంటున్న రోజుల్లో వచ్చారు. సర్వేయరు, రెవెన్యూ ఆయన, గనుల శాఖ నుంచి ఒక జియాలజిస్టు. ఆ అమ్మాయికి ముప్ఫై దాటుతాయో లేదో. నెత్తిన టోపీ, కాళ్లకి బూట్లు. పడవ దిగగానే బూట్లు విప్పేసి చేత పట్టుకుంది. వాళ్లది నిడదవోలు దగ్గర రైతు కుటుంబమేనట. అందర్నీ "చెప్పండి బాబాయ్‌గారూ" అని పలకరించి, వాళ్లు చెప్పేది సాంతం విన్నాకే తను మాట్లాడేది.

"ముందు గొయ్యి తీద్దామండి," అంది. "చూడకుండా నేనేం చెప్పినా అది గాల్లో మాటే."

బావగారే పార పట్టారు. ఎవరు సాయానికొచ్చినా వద్దన్నారు. పొడి ఇసుక తీస్తుంటే పక్కలు జారి మళ్లీ నిండుతోంది. అందుకని వెడల్పుగా తీశారు. మోకాలి లోతు అయింది, ఇసుకే. తొడ లోతు దగ్గరకొచ్చేసరికి పార దెబ్బ మారింది. కరకరమనేది మెత్తగా దిగింది.

బావగారు పార పక్కన పడేసి, గోతిలో కూర్చుని చేతులతో తోడడం మొదలుపెట్టారు. నల్లగా కుళ్లి, నారలు నారలుగా విడిపోయిన అరటి మొదలు బయటపడింది. దాని చుట్టూ మట్టి. ఇసుక కాదు, మట్టి.

"చక్కెరకేళి," అన్నారాయన. ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత లేచి, అక్కణ్ణుంచి అడుగులు వేసుకుంటూ వెళ్లి ఇంకోచోట కాలి మడమతో గీత గీశారు. "ఇక్కడ తవ్వండి. వరసలో రెండోది ఇక్కడే ఉండాలి."

తవ్వారు. ఉంది. ఈసారి కుర్రాళ్లు కూడా దిగారు. మూడోదీ దొరికింది. గండికి దగ్గరగా ఉన్న మూల మొదళ్లు నడుం లోతున ఉన్నాయి, గట్టు వైపు మోకాలి లోతునే ఉన్నాయి. ఇసుక కింద తోట తోటంతా వరసలు చెదరకుండా ఉంది. చెట్లు పోయాయి గానీ నేల ఎక్కడికీ పోలేదు. ఎవరో "ఆయ్, పొలం ఉందండోయ్!" అని గట్టిగా అరిచేసరికి అందరం నవ్వాం. బావగారు నవ్వలేదు. చేతిలో మట్టి తీసుకుని వాసన చూసి, భార్య చేతిలో పెట్టారు.

జియాలజిస్టు టేపు పెట్టి కొలతలు రాసుకుని, గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుని అందరికీ వినపడేలా చెప్పింది.

"ఈ మొదళ్లకి పైనున్నది వరద తెచ్చింది బాబాయ్‌గారూ. దాన్ని తీసుకోమని నేను సంతోషంగా రాస్తాను. వీటి కిందున్నది మాత్రం మీ పొలానికి పునాది. పక్క పొలాలకీ అదే. దానికి నేను రాయలేను. రాస్తే తప్పు చేసినదాన్నవుతాను."

కాంట్రాక్టరు గోతిలోకి తొంగి చూశారు. మనసులో లెక్క వేసుకున్నట్టున్నారు. "పైపై ఇసుకకి నాకు గిట్టదండి. బాట ఖర్చే రాదు," అని నిజం చెప్పి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆయనతో పాటే బాటా వెళ్లిపోయింది.

తిరుగు పడవలో బావగారు నాకెదురుగా కూర్చున్నారు. వారాల తర్వాత సూటిగా నాతో మాట్లాడారు.

"నెగ్గావమ్మా. నీ మాటే నిజమైంది, కాదన్ను. మరి నా ఇసుకేం చేస్తావు?"

నాకూ తెలియదనే చెప్పాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని అనను గానీ, ఆ తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నా వెనకే తిరిగింది. ఒకరి దారికి అడ్డం నిలబడ్డాక, ఇంకో దారి చూపించే పూచీ కూడా మనదే అవుతుందని నాకు అంతకుముందు తెలియదు.

క్రిస్మస్ ముందు వాయుగుండం పట్టి వానలు కురిశాయి. ఊరి చివర పేదలకిచ్చిన ఇళ్ల స్థలాల్లో నీళ్లు నిలిచాయని కబురొస్తే చూడ్డానికెళ్లాను. పల్లపు చేను అది. పట్టాలిచ్చి చాలాకాలమైనా, పునాది తీస్తే నీళ్లు ఊరతాయని చాలామంది ఇల్లు మొదలుపెట్టలేదు. గ్రామసభలో మాట్లాడిన ఆవిడ స్థలం కూడా అక్కడే. మడమల్లోతు నీళ్లలో నిలబడి, తన స్థలం మూలల్లో పాతిన రాళ్లు చూపించింది.

"ఎత్తు చేసుకుంటే గానీ ముగ్గు పొయ్యలేమండి. మెరక తోలించడానికి మట్టి ఎక్కడా దొరకట్లేదు టీచరుగారూ. ఇసకైనా చాలండి, అడుక్కి పోసుకుని పైన కాస్త మట్టి పరుచుకుంటాం."

ఇసకైనా చాలండి. ఆ మాట వింటూనే నేను వెనక్కి తిరిగాను. "ఏంటండీ, ఏమైందండీ?" అని ఆవిడ అడుగుతూనే ఉంది. గొడుగు కూడా అక్కడే వదిలేసి నేరుగా బావగారింటికి వెళ్లాను. ఆయన వసారాలో తాడు పేనుతున్నారు. తడిసిపోయి నిలబడ్డ నన్ను చూసి లేచారు.

"మీ ఇసుక అడిగేవాళ్లు దొరికారండి," అన్నాను.

విన్నారు. పేనుతున్న తాడు పక్కన పెట్టారు. "వాళ్ల దగ్గరేం తీసుకుంటాను? ట్రాక్టరు కిరాయి వాళ్లు పెట్టుకుంటే చాలు," అని, లోపలికి చూసి, "ఏమేవ్, ఓ తువ్వాలట్రా, మెంబరుగారు తడిసిపోయారు," అన్నారు. మా తోటికోడలు తువ్వాలుతో పాటు వేడి కాఫీ కూడా తెచ్చింది.

రెండో గ్రామసభ జనవరిలో జరిగింది. తీర్మానం మేమే కూర్చుని మాటమాటా తేల్చుకున్నాం. ఇసుక ఊరి ఇళ్ల స్థలాలకే పోవాలి, ఊరు దాటకూడదు. పగటి పూటే పని. పెద్ద ప్రొక్లెయిన్లు పాయ దాటకూడదు, పైపైన గోకడానికి ఒక్క జేసీబీ చాలు. పొలమంతా వెదురు గెడలు పాతి, మొదళ్ల మట్టానికి రంగు గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దాటి పార దిగకూడదు. మేట వేసిన మిగతా ఇద్దరు రైతుల్లో ఒకాయన ఇంకో కాంట్రాక్టరు వస్తాడేమో చూస్తానని ఒప్పుకోలేదు. ఇంకొకాయన ఒప్పుకున్నారు. ఓటుకి పెట్టినప్పుడు బావగారు ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూశారు, ఎవరెవరు చెయ్యెత్తారో కాదు, నేనెత్తానో లేదో. రెండు చేతులూ ఎత్తాను. సభలో నవ్వులు.

అనుమతికి ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సొచ్చింది. ఇసుక అనగానే అందరికీ అనుమానమే, వాళ్లనీ అనలేం. ఆ జియాలజిస్టు రాసిన నివేదిక మాకు అండగా నిలిచింది. పాయ పూర్తిగా తగ్గాక ట్రాక్టర్ల కుర్రాళ్లే సిమెంటు తూములు వేసి, కొబ్బరి మొద్దులు, ఇసుక బస్తాలు పేర్చి దారి చేశారు. వరదొస్తే పోయే దారే గానీ, ఆ వేసవికి చాలింది.

పని జరిగినన్నాళ్లూ బావగారు పొలంలోనే ఉన్నారు. తలకి తువ్వాలు చుట్టి, చేతిలో కర్రతో. ఒకరోజు నేను మజ్జిగ పట్టుకెళ్లేసరికి జేసీబీకి ఎదురుగా చేతులు చాచి నిలబడి ఉన్నారు. బకెట్ పళ్లు కాస్త లోతుగా దిగి నల్ల మట్టి పైకొచ్చింది.

"ఆపు! ఆపవయ్యా! నా పొలాన్ని కరిచేశావు!"

"అరచేయంత లోతండి, అంతే కదండి," అన్నాడు ఆపరేటరు.

"నీ అరచేయి కాదు, దాని అరచేయి చూడు ఎంతుందో!"

ఆపరేటరు ఇంజనాపి కిందికి దిగి, ఆ మట్టి తనే చేత్తో వెనక్కి సర్దాడు. ముగ్గురం కలిసి మజ్జిగ తాగాం. మూడు మీటర్లకి సరేనన్న మనిషేనా ఈయన అనిపించింది గానీ అనలేదు. ఆయనే అన్నారు. "అప్పుడు నాకు ఇసుక తప్ప ఏం కనపళ్లేదమ్మా. కింద నేలుందని కళ్లారా చూశాక ఇంక వదలబుద్ధి కాలేదు."

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి పొలం సగం పైగా బయటపడింది. ఆ వారంలో గురువారం ఆరాధనకి సంస్కారం ఉంది. ఆ రోజు ఇద్దరం లేచాం. పాస్టరుగారు ఆరాధనయ్యాక గుమ్మం దగ్గర మా ఇద్దరి చేతులూ కాస్త ఎక్కువసేపు పట్టుకున్నారు.

తొలకరికి బావగారు ఆ నేలలో జీలుగ చల్లారు. ఇసుక బరువు కింద నెలల తరబడి ఉన్న మట్టికి ముందు పచ్చిరొట్ట పెట్టాలని వ్యవసాయాఫీసులో చెప్పారు. మొలుస్తుందా అని రోజూ వెళ్లి చూసేవారు. మొలిచింది, కాస్త పలచగా. ఆ ఏడు గోదారి పెద్దగా రాలేదు. వచ్చిన కాస్తా నెమ్మదిగా వచ్చి, రెండు వైపులా సమానంగా పలచటి ఒండ్రు వేసి వెళ్లింది. గండి పడ్డ తలకట్టుకి ఊరంతా కలిసి మట్టి వేశాం. అది నిలుస్తుందో లేదో పెద్ద వరదొస్తే గానీ తెలీదు.

వరద తీశాక ఒక పొద్దున బావగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అరటి పిలకలు కావాలమ్మా. మీ పొలంలోవి తీసుకోనా?"

"ఏ పొలంలోవి?" అన్నాను.

ఆయనకి అర్థమైంది. తల గోక్కున్నారు. "పొలంలోవి," అన్నారు.

"అదేం అడగడం అన్నయ్యా," అని మా ఆయన లోపల్నుంచి గునపం తెచ్చారు. ఆయన గుమాస్తాగిరీలో పడి గునపం పట్టి ఎన్నేళ్లయిందో. ఆ రోజు మార్కెట్‌కి సెలవు పెట్టి అన్నగారితో పాటు పిలకలు తీసి, చేతులు బొబ్బలెక్కించుకుని, వారమంతా అందరికీ చూపించుకున్నారు.

ఊరి చివర ఆ స్థలాల్లో కొన్ని ఇళ్లు లేచాయి, ఇంకొన్ని పునాదుల దగ్గరున్నాయి. ఒప్పుకోని ఆ రైతు పొలంలో ఇసుక ఇంకా అలాగే ఉంది. వచ్చే వేసవికి తనదీ తీయించమని మొన్న నన్ను అడిగారు. మళ్లీ సభ పెట్టాలి, మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈసారి మోకాళ్లు కాస్త మొరాయిస్తున్నాయి గానీ తిరుగుతాను.

పోయిన నెలలో దిగువ లంక నుంచి కొందరు రైతులు, వాళ్లతో ఇద్దరు ఆడ మెంబర్లు మా ఇంటికొచ్చారు. వాళ్ల దగ్గరికీ ఎవరో కాంట్రాక్టరు వచ్చారట. మీరెలా చేశారో చెప్పండి టీచరుగారూ అని అడిగారు. నేను కళ్లద్దాలు వెతుక్కునేలోపే బావగారు చొక్కా వేసుకుని వచ్చేశారు.

"చెబితే ఏం తెలుస్తుందండి? పదండి, లంకలోకెళ్దాం."

పొద్దున్న తీసుకెళ్లిన మనిషి మధ్యాహ్నం దాటినా రాలేదు. నేనూ మా తోటికోడలూ అందరికీ సరిపడా పప్పుచారు, వంకాయ కూర చేసి ఒడ్డుకెళ్లి నిలబడ్డాం. అవతలి ఒడ్డున వాళ్లంతా బావగారి చుట్టూ మూగి ఉన్నారు. ఆయన ఎవరికో చెయ్యి తొడ దగ్గర పెట్టి లోతు చూపిస్తున్నారు. పడవవాడు ఎక్కమని పిలుస్తున్నా ఎవరూ కదలడం లేదు.

"అన్నం చల్లారిపోతోంది, కేకెయ్యవే," అంది మా తోటికోడలు.

"ఇంకాసేపు మాట్లాడనీ అక్కా," అన్నాను. ఇద్దరం చెంగులు నెత్తిన వేసుకుని ఒడ్డునే కూర్చున్నాం.